రోస్విటా మాంటా ఎవరికి చెందాలి

నా భార్య రోస్విటా పీట్రెక్ 2025 మార్చి 6, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ఆస్పత్రిలో చనిపోయింది. ఆ ఉదయం ఆమెకు తెలివి బాగానే ఉంది. సగం బన్ను తిన్నది. తల దువ్వమంది. యాభై ఏళ్లు ఊరందరి తలలూ చూసిన మనిషి తన తల నాకు అప్పజెప్పడం అదే మొదటిసారి. పాపిడి వంకరగా వచ్చింది. "ఇంజనీరువి, ఒక గీత తిన్నగా గియ్యడం రాదా?" అంది. పన్నెండున్నరకు ఒక వస్తువు అడిగింది. దాన్ని తేవడానికి ట్రామెక్కి ఇంటికి వెళ్లాను. వెళ్లి రావడానికి గంట చాలు. నాకు మూడు గంటలు పైగా పట్టింది. ఎందుకు పట్టిందో ఏడో అంశంలో రాస్తాను. నేను తిరిగి వచ్చి లిఫ్టులో ఉండగా ఆమె పోయింది. గదిలోకి వెళ్లేసరికి ఎవరో పాపిడి సరిచేసి ఉన్నారు.

అది జరిగి ఇవాళ్టికి అరవై ఏడు రోజులు.

ఫోల్క్‌మార్ పీట్రెక్ అనే నేను, 1949 ఫిబ్రవరి 20న బోహుమ్‌లో పుట్టి, ఇదే ఊళ్లో లాంగెన్‌డ్రేర్ పేటలో కాపురముంటూ, మెకానికల్ ఇంజనీరింగ్‌లో పట్టా పుచ్చుకుని, ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరై, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా తెలివి మీద అనుమానం ఉన్నవాళ్లు నా డాక్టరును అడగవచ్చు. పోయిన వారం వంద నుంచి ఏడేసి చొప్పున తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నాడు. అరవై ఐదు దగ్గర చాలన్నాడు. నేను రెండు దాకా వెళ్లాను.

ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను. టైపు చేసింది మా చట్టం ప్రకారం చెల్లదు. చేత్తో రాసినదానికి సాక్షులు అక్కర్లేదు. అయినా ఇద్దరి చేత సంతకాలు పెట్టిస్తున్నాను. ఎందుకంటే నాకొక తమ్ముడున్నాడు.

ఇంతకు ముందు నేను రాసి ఉంచిన కాగితాలు ఏవైనా సరే ఈ రోజుతో రద్దు.

1. వారసురాలు.

మాకు పిల్లలు లేరు. తోడబుట్టినవాడికి నా ఆస్తిలో తప్పనిసరి వాటా ఏదీ లేదని లాయరును అడిగి తెలుసుకున్నాను. రెండుసార్లు అడిగాను.

నా ఇల్లు, అందులోని సామాను, రోస్విటా సెలూన్ ఉన్న కొట్టు, కింది అంశాల్లో వేరేగా చెప్పనిది ఏదైనా, శ్రీమతి నూరాయ్ ఎర్కుట్‌కు చెందాలి. ఆమె 1989లో పదహారేళ్లప్పుడు మా సెలూన్‌లో పని నేర్చుకోవడానికి చేరింది. పదమూడేళ్లుగా దాన్ని ఆమే నడుపుతోంది. బయటి మనిషికి ఇల్లేమిటని మా వాళ్లు అంటారు. రోస్విటా ఆస్పత్రిలో ఉన్న పదకొండు వారాల్లో మా వాళ్లు రెండుసార్లు వచ్చారు. రెండోసారి పార్కింగ్ దొరకలేదని కిందనుంచే ఫోన్ చేసి వెళ్లిపోయారు. నూరాయ్ ప్రతి సోమవారం వచ్చింది. సెలూన్లకు పనిదినాల్లో సెలవు ఆ ఒక్కరోజే.

2. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత న్యాయవాది శ్రీమతి మారిట్ ఓస్థోఫ్‌ది. ఆమె ఎక్కువ మాట్లాడదు. అందుకే ఆమెను ఎంచుకున్నాను.

3. నన్ను రోస్విటా పక్కన పూడ్చాలి. ప్రసంగాలు వద్దు. తర్వాత కాఫీ, కేకు పెట్టాలంటే పెట్టవచ్చు, కానీ ఆరో అంశంలో చెప్పిన మనుషులకు కాదు.

4. ఆమె తాబేలు చిప్ప దువ్వెన.

మార్చి 6న పగటి డ్యూటీలో మూడో అంతస్తులో ఉన్న నర్సుకు ఇవ్వాలి. పేరు తెలియదు. ఎడమచేతి వాటం మనిషి. పాపిడి సరిచేసింది ఆమేనని నాకెవరూ చెప్పలేదు. దువ్వెన మంచానికి ఎడమ పక్క పెట్టి ఉంది. నేను కుడి పక్క పెట్టి వెళ్లాను. శ్రీమతి ఓస్థోఫ్ ఆ మనిషిని వెతికి పట్టుకోవాలి. ఆస్పత్రివాళ్లు కానుకలు తీసుకోకూడదని అంటే, ఇది కానుక కాదు, పనిముట్టు అని చెప్పాలి.

5. కారు.

రోస్విటా పేరున ఉండి ఇప్పుడు నా పేరుకు మారిన మాంటా. మొదటి తరం, 1974 బండి, ఒకటి పాయింటు తొమ్మిది లీటర్ల ఇంజను, తొంభై గుర్రాల బలం, నారింజ రంగు, నల్ల బానెట్. ఇది కూడా నూరాయ్‌కే. ఒకటో అంశంలోనే కలిసిపోయేది. వేరేగా రాయడానికి కారణం ఉంది. తీసుకునే మనిషికి తను తీసుకుంటున్నది ఏమిటో తెలియాలి. నూరాయ్ వయసు వాళ్లకు ఆ బండి గురించి తెలిసినవి జోకులే. ఆ బండికి ఒక చరిత్ర ఉంది. నా కళ్ల ముందు జరిగినంతవరకు రాస్తాను.

1969లో కొలోన్‌లోని పోటీ కంపెనీ వాళ్లు పొడుగు ముక్కు, పొట్టి వెనక భాగం ఉన్న రెండు తలుపుల కారు తెచ్చారు. నెలజీతం మీద బతికేవాడికి రేసు కారు ముఖం చూపించారు. మా కంపెనీ వాళ్లు 1970 శరత్కాలంలో దానికి జవాబు చెప్పారు. ఆ జవాబు మాంటా. అడుగు భాగం మామూలు సంసారపు కారుదే. దాని మీద పల్చటి పైకప్పు, కిందికి జారే వెనక అద్దం, వెనక రెండేసి గుండ్రటి ఎర్ర దీపాలు. సముద్రంలో రెక్కలు చాచుకుని ఈదే చేప పేరు పెట్టారు. ముందు మడ్‌గార్డు మీద ఆ చేప బొమ్మ. ఐదేళ్లలో ఐదు లక్షలకు కాస్త తక్కువ బండ్లు తయారయ్యాయి. కొనడానికి జనం నెలల తరబడి ఎదురుచూశారు. ఎవరూ నవ్వలేదు.

నేను 1973లో ఫ్యాక్టరీలో చేరాను. తలుపుకూ బాడీకీ మధ్య సందు కొలవడం నా పని. పని చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. రోస్విటాకు అయింది. 1974 వేసవిలో జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లాను. ఆమె ఇరవై రెండేళ్ల మనిషి, వేరేవాళ్ల సెలూన్‌లో పనిచేస్తోంది. ఏం పని చేస్తారంది. చెప్పాను. కత్తెర పక్కన పెట్టి, సగం కత్తిరించిన తలతో నన్ను వీధిలోకి తీసుకెళ్లి, నారింజ రంగు బండి చూపించింది. "నా తలుపు కొలవండి" అంది. జేబులో ఎప్పుడూ సందులో పెట్టి చూసే సన్నటి కొలత రేకులు ఉండేవి. కొలిచాను. "సరిగ్గానే ఉంది" అన్నాను. "అది నాకు తెలుసు. మీకు తెలుసో లేదో చూశా" అంది.

బండి ఆమెది. ఆమె సంపాదనతో ఆమె కొనుక్కుంది. చివరిదాకా ఆమే నడిపింది. నేను పక్క సీటులో కూర్చున్నాను. ఇది రాసి పెట్టడం అవసరం.

ఆ రోజుల్లో, ఎండ పడకుండా దించుకునే పలక వెనక అద్దం పక్క సీటు వైపే ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లు అక్కడే కూర్చుంటారని లెక్క. రోస్విటా మొదటి వారంలోనే రెండు పలకలూ అటూ ఇటూ మార్చింది. 2004లో బండికి పాతకాలపు వాహనం నంబరు ప్లేటు తీసుకునేటప్పుడు తనిఖీకి వచ్చినతను అద్దం చూసి, "ఇది అసలుది కాదమ్మా" అన్నాడు. "నేను అసలుదాన్నే. అది రాసుకోండి" అంది. అతను నావైపు చూశాడు. ఊళ్లో అందరూ అంతే. ఆ బండి గురించి ఏ ప్రశ్న అయినా నావైపు చూసే అడిగేవాళ్లు.

మిగతా చరిత్ర క్లుప్తంగా. 1974లోనే పెట్రోలును ఇంజనులోకి చిమ్మే రకం వచ్చింది. నూట ఐదు గుర్రాలు. 1975లో రెండో తరం. గుండ్రటి దీపాలు పోయి చదరపు దీపాలు వచ్చాయి. ముక్కు మీద జాలీ తీసేసి రెండు చీలికలు పెట్టారు. 1978లో వెనక అద్దంతో సహా పైకి లేచే డిక్కీ వచ్చింది. ఎనభైల మొదట్లో ర్యాలీ కార్ల పందేల కోసం వెడల్పు మడ్‌గార్డులతో కొన్ని వందల బండ్లు చేశారు. ఇప్పుడు వాటిని చూడాలంటే టికెట్టు కొనాలి. 1988లో తయారీ ఆపేశారు. రెండు తరాలూ కలిపి పది లక్షలు దాటాయి. దాని తర్వాత వచ్చిన బండి గాలిని ఇంకా బాగా కోసేది. దాని మీద ఎవరూ జోకులు చెప్పలేదు. చెప్పేంత ఎవరికీ పట్టలేదు. 2021లో కంపెనీ వాళ్లు ఒక్క పాత మాంటాకు కరెంటు మోటారు పెట్టి చూపించారు. పేపర్లో ఫొటో చూసి రోస్విటా, "శబ్దం లేకుండా పోతుందా? అయితే నేను వచ్చానని నీకెలా తెలుస్తుంది?" అంది.

ఎనభైల్లో పాత మాంటాలు చవకయ్యాయి. గనుల్లో, కొలిమిశాలల్లో పనిచేసే కుర్రాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో, థర్డ్‌హ్యాండ్‌లో కొన్నారు. వెడల్పు చక్రాలు వేశారు, వెనక రెక్కలు బిగించారు. తయారీ ఆగిన మరుసటేడు నుంచి జోకులు మొదలయ్యాయి. దేశమంతా చెప్పుకుంది. రెండు సినిమాలు కూడా వచ్చాయి. జోకు ఏదైనా అందులో మనుషులు వాళ్లే. స్టీరింగ్ దగ్గర బుర్రలేని కుర్రాడు, మోచేయి కిటికీ బయట. పక్కన రంగేసిన జుట్టుతో సెలూన్ పిల్ల. యాంటెన్నాకు నక్క తోక. మాంటావాడు లైబ్రరీకి ఎందుకెళ్లాడు? బయట పార్కింగ్ ఉందని. మాంటాకు రెండు తలుపులే ఎందుకు? మూడోది లెక్కపెట్టలేడని.

నేను ఆ బండి తలుపులు ఏడాదికి వేలల్లో కొలిచాను. రోస్విటా నవ్వే మనుషుల తలలే రోజూ కత్తిరించింది. కుర్చీలో కూర్చుని, ఆమె కత్తెర వాళ్ల చెవి పక్కన ఉండగానే, చెప్పేవాళ్లు. "నీ గురించి కాదులే రోజీ" అని చివర్లో అనేవాళ్లు. ఒక్కరి చెవికీ గాటు పడలేదు. ఆమె ఓర్పు గురించి నాకు తెలిసింది అంతే.

నూరాయ్ ఒక్కతే ఎదురు మాట్లాడింది. అప్పటికి పనిలో చేరి ఏడాది. ఒకాయన జోకు చెప్పి నవ్వుతుంటే, "మా ఇంట్లో ఆడపిల్ల కారు నడుపుతానంటే జోకులు చెప్పరండీ, నేరుగా తిడతారు. ఇంతకన్నా అదే మర్యాద" అంది. రోస్విటా ఆమెను వెనక గదిలోకి పిలిచింది. కేకలేస్తుందనుకుంది నూరాయ్. కారు తాళాలు చేతిలో పెట్టి, "లైసెన్సు వచ్చిన రోజు ఇవి అడుగు" అంది. రెండేళ్ల తర్వాత అడిగింది. ఇచ్చింది.

షరతులు: బండిని నెలకొకసారైనా నడపాలి. అద్దం ఉన్న పలక డ్రైవరు వైపే ఉండాలి. అమ్ముకోవలసి వస్తే అమ్ముకోవచ్చు, ఆరో అంశంలో చెప్పిన సంఘానికి తప్ప.

రోస్విటా యాంటెన్నాకు కట్టిన తోక గురించి. అది జోకులు రావడానికి పన్నెండేళ్ల ముందు కట్టింది. వాళ్లమ్మ హెర్టా 1945 జనవరిలో తూర్పు ప్రష్యా నుంచి యుద్ధం తరిమితే మంచులో నడిచి వచ్చినప్పుడు కోటు కాలరుగా మెడకు చుట్టుకున్న నక్క తోలు అది. కోటును మరుసటేడు బంగాళాదుంపలకు ఇచ్చేసింది. కాలరు ఇవ్వలేదు. 1977లో ఆమె పోయాక, మిగిలిన తోక ముక్కను రోస్విటా యాంటెన్నాకు కట్టి, "అమ్మ బతికున్నన్నాళ్లూ కార్లంటే భయపడింది. ఇప్పుడు కాస్త తిప్పుతా" అంది. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం: ఆమె, నేను, నా తమ్ముడు.

ఇప్పుడు బండికి తోక లేదు.

6. రూర్ లోయ పాత మాంటా మిత్రమండలి.

ఈ సంఘానికి ఏమీ ఇవ్వడం లేదు. దీని అధ్యక్షుడు నా తమ్ముడు డెట్లెఫ్ పీట్రెక్. నా ఇంట్లోంచి గానీ, గ్యారేజీలోంచి గానీ ఒక్క నట్టు కూడా వీళ్లకు చేరకూడదు. రోస్విటా బండిని వీళ్ల ఉత్సవాల్లో పెట్టకూడదు. దాని ఫొటో వీళ్ల క్యాలెండర్లో వెయ్యకూడదు.

కారణం అడుగుతారు. 2022 వేసవి ఉత్సవంలో వీళ్లు ఒక మాంటా పక్క సీటులో బట్టల కొట్టు బొమ్మను కూర్చోబెట్టారు. తలకు గులాబీ రంగు కర్లర్లు. నోట్లో చూయింగ్ గమ్ బుడగ లాగా ఒక బెలూన్. మెడలో పేరు పలక: రోజీ. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆ ఫొటో సెలూన్‌కు వచ్చినావిడ ఎవరో ఫోన్లో చూపించారు. రోస్విటా కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "కర్లర్లు తప్పు చుట్టారు" అంది.

ఆమెను పూడ్చిన రోజున, కాఫీ దగ్గర, డెట్లెఫ్ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లలో అదే మొదటిసారి. కేకు ముక్క తింటూ, "అన్నా, ఇప్పుడు అడగొచ్చో లేదో గానీ, బండి ఏం చేద్దామనుకుంటున్నావు? సంఘంలో అందరూ అడుగుతున్నారు. పక్క సీటు ఎలాగూ ఖాళీయేగా ఇక" అన్నాడు.

ఆమె ఏ సీటులో కూర్చునేదో యాభై ఏళ్లయినా తెలియని మనిషికి ఆ బండి చెందకూడదు. ఈ వీలునామా రాయడం మొదలుపెట్టింది ఆ మాట కోసమే.

7. నా తమ్ముడు డెట్లెఫ్.

డెట్లెఫ్‌కు ఏమీ ఇవ్వడం లేదని రాసి, కారణాలు వరసగా పెడదామని మొదలుపెట్టాను. మొదటిది ఆ బొమ్మ. రెండోది కాఫీ దగ్గరి మాట. మూడోది 1990 అక్టోబరులో నాకు సెక్షను పెద్దగా ప్రమోషన్ వచ్చినప్పుడు ఇంట్లో జరిగిన భోజనం. ఫ్యాక్టరీ నుంచి ఆరుగురు వచ్చారు. రోస్విటా బంగాళాదుంపల సలాడ్ గిన్నె తెస్తోంది. డెట్లెఫ్ మొదలుపెట్టాడు: "మాంటాలో ముగ్గురు పోతున్నారు. వాడు, వాడి సెలూన్ పిల్ల, నక్క తోక. ఈ ముగ్గురిలో తల ఎవరికుంది? ఎవరికీ లేదు. తోక ఒక్కటే ఆ సంగతి ఒప్పుకుంటుంది!" అందరూ బల్ల చరిచి నవ్వారు. "వదినా, కోపం తెచ్చుకోకు, ఆ తోక ఏదో ఒకరోజు నేనే కోసుకుపోయి సంఘంలో వేలాడదీస్తా" అన్నాడు. "దాని జోలికొస్తే నీ జుట్టు నేను కత్తిరిస్తా మరిదీ, తలతో సహా" అంది ఆమె. మళ్లీ నవ్వారు.

నేనూ నవ్వాను. ఆమె గిన్నె బల్ల మీద పెడుతూ నన్ను చూసింది.

నాలుగో కారణం మా వాళ్లందరికీ తెలిసినదే. ఆ నవంబరు 16న, శుక్రవారం నాడు, డెట్లెఫ్ అన్నంత పనీ చేసి తోక ఎత్తుకుపోయాడు. ఆ రోజు నుంచి రోస్విటా అతన్ని గుమ్మం తొక్కనివ్వలేదు.

ఆ కారణం రాయలేను. డెట్లెఫ్ తోక ఎత్తుకుపోలేదు. నేను కోశాను.

ప్రతి శుక్రవారం షిఫ్టు అయ్యాక రోస్విటా ఫ్యాక్టరీ మెయిన్ గేటు ముందు బండి ఆపి నా కోసం ఎదురుచూసేది. ప్రమోషన్ వచ్చాక నాతో బయటికి వచ్చే మనుషులు మారారు. నారింజ రంగు బండి, తోక, స్టీరింగ్ దగ్గర రంగేసిన జుట్టు. ఒకతను, "పీట్రెక్ గారూ, మీ జోకు వచ్చింది" అన్నాడు. నేను ఆమెతో, ఇక నుంచి వెనక వీధిలో ఆపమన్నాను.

"వెనక వీధిలో ఏముంది?" అంది.

"నీడ ఉంటుంది."

"నవంబరులో నీడెందుకు?"

ఆమె వెనక వీధిలో ఆపడం మొదలుపెట్టింది. అది కూడా నాకు చాల్లేదు. 16వ తేదీ ఉదయం, ఆమె స్నానం చేస్తుండగా, ఆమె పాత కత్తెర తీసుకుని కిందికి వెళ్లాను. ఒక నిమిషం పని. తోకనూ కత్తెరనూ కొలత రేకులు పెట్టుకునే డబ్బాలో దాచాను. ఆమె కిందికి వచ్చి యాంటెన్నా చూసి, "డెట్లెఫ్!" అంది. నేను కాదనలేదు. నేను చెప్పిన అబద్ధం అంతే: ఒక్క మాటా అనకపోవడం.

డెట్లెఫ్ ఆ సాయంత్రమే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "నా పిల్లల మీద ఒట్టు వదినా, నేను తియ్యలేదు. అది మీ అమ్మదని నాకు తెలుసు కదా. అంత నీచుణ్ణా?" అన్నాడు. "ఒట్టు కూడా జోకేనా?" అని ఆమె తలుపు వేసింది. తలుపు మూసుకుంటుంటే అతను నావైపు చూశాడు. "అన్నా, నువ్వైనా చెప్పవేం?" అన్నాడు.

ఆ తర్వాత అతన్ని ద్వేషించడం నాకు కష్టం కాలేదు. అతను కనిపించినప్పుడల్లా ఆ ప్రశ్న గుర్తొచ్చేది. అతను జోకుల మనిషి కావడం నాకు కలిసొచ్చింది. ఏడాదికేడాది ఇంకా మోటుగా తయారయ్యాడు. ఎలాగూ ఇంట్లోకి రానివ్వని మనిషి ఇంకెందుకు జాగ్రత్తగా ఉంటాడు? ఆ బొమ్మకు రోజీ అని పేరు పెట్టడం అతని తప్పే. ఆ తప్పుకు దారి వేసింది నేను.

మార్చి 6న పన్నెండున్నరకు రోస్విటా అడిగింది తోకే. "డెట్లెఫ్‌ను అడుగు. పారేసి ఉండడు, వాడు ఏదీ పారెయ్యడు. తిట్టనని చెప్పు. ఒక్కసారి పట్టుకుని ఇచ్చేస్తా" అంది. "అడిగి తెస్తాను" అన్నాను. ఇంటికి ఇరవై ఐదు నిమిషాల్లో చేరాను. డబ్బా తీశాను. తర్వాత గ్యారేజీలో, ఆ బండి పక్క సీటులో కూర్చుని, డెట్లెఫ్ ఏమన్నాడని ఆమెకు చెప్పాలో ఆలోచించాను. ఏడ్చాడని చెప్పాలా? తలుపు తియ్యకుండా కిటికీలోంచి ఇచ్చాడని చెప్పాలా? అతను ఎలా మాట్లాడతాడో అన్నీ సరిచూసుకున్నాను. రెండు గంటలకు పైగా పట్టింది. అది చెప్పే అవసరం రాలేదు.

తోకను ఆమెతో పాటు పెట్టెలో పెట్టి ఉండవలసింది. నూరాయ్ చూసి అడుగుతుందని పెట్టలేదు.

కనుక ఈ అంశాన్ని ఇలా నిర్ణయిస్తున్నాను. 1990 నవంబరు 16న రోస్విటా పీట్రెక్ కారు నుంచి తోకను తీసినవాడు డెట్లెఫ్ పీట్రెక్ కాదని, ఫోల్క్‌మార్ పీట్రెక్ అని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. శ్రీమతి ఓస్థోఫ్ ఈ అంశాన్ని మా బంధువులందరి ముందు మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదవాలి. ఆ కొలత రేకుల డబ్బా, అందులోని కత్తెర డెట్లెఫ్‌కు ఇవ్వాలి. తోక బండిది. అది నూరాయ్‌కు వెళుతుంది. డెట్లెఫ్ దాన్ని చూడాలనుకుంటే ఆమె చూపించాలి.

బండి మాత్రం డెట్లెఫ్‌కు లేదు. బొమ్మ సంగతి, కాఫీ దగ్గరి మాట సంగతి నేను మరిచిపోలేదు. అతను చెయ్యని దొంగతనం, అతను చేసిన వెక్కిరింతను చెరిపెయ్యదు. నన్ను క్షమించమని అతన్ని అడగడం లేదు. అతన్నీ క్షమించడం లేదు.

ఏడు అంశాలు, తొమ్మిది పేజీలు. కొట్టివేతలు ఏడో అంశంలో మాత్రమే ఉన్నాయి, అవి నావే.

బోహుమ్, 2025 మే 12, సోమవారం.

(సంతకం) ఫోల్క్‌మార్ పీట్రెక్

సాక్షులు. ఇద్దరికీ ఇందులో ఏమీ ఇవ్వలేదు, అందుకే సాక్షులు. నేను సంతకం పెట్టడం చూశారు, లోపలిది చదవలేదు:
ఇర్మ్‌ట్రౌట్ సోబెక్, వీధి చివర బడ్డీకొట్టు యజమాని
ఫ్రీడ్‌హెల్మ్ లోకాంప్, పక్కింటి పావురాల పెంపకందారు

సాక్షులు వెళ్లిపోయాక రాస్తున్నది. సంతకం కింద రాసినది చెల్లాలంటే మళ్లీ సంతకం పెట్టాలి. పెట్టను. ఇందులో ఎవరికీ ఇచ్చేది ఏమీ లేదు.

ఏడో అంశం మళ్లీ చదివాను. నేను పోయాక చదివించుకోమని ఏర్పాటు చేశాను. అప్పుడు డెట్లెఫ్ తిట్టడానికి నేను దొరకను. అది కూడా వెనక వీధిలో ఆపడమే.

బండిలో డ్రైవరు సీటు ఆమె ఎత్తుకు ముందుకు జరిపి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు. రేపు ఉదయం ఎనిమిదింటికి గ్యారేజీ తీసి, ఆ సీటు వెనక్కి జరుపుతాను. తోకను యాంటెన్నాకు కడతాను. పెద్ద రోడ్డు మీదుగా, ఫ్యాక్టరీ మెయిన్ గేటు ఉన్న చోటు ముందు నుంచి వెళతాను. ఇప్పుడక్కడ పార్శిళ్ల గిడ్డంగి ఉంది, అయినా అటే వెళతాను. ఈ కాగితాలు కోర్టులో అప్పజెబుతాను. తర్వాత డెట్లెఫ్ ఇంటి ముందు, వీధిలో అందరికీ కనిపించే చోట బండి ఆపి, బెల్లు కొడతాను.